ఆని నగరం నిజంగా ఎప్పుడు పడిపోయింది? (బగ్రతుని రాజధానిపై చర్చ)

శిలాక్షరం:
సభ్యులందరికీ నమస్కారం. ఆర్మేనియా మధ్యయుగ రాజధాని ఆని గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఈ నగరం నేటి తుర్కియేలోని కార్స్ ప్రాంతంలో, ఆర్మేనియా సరిహద్దును ఆనుకొని, అఖూర్యాన్ నది లోయ అంచున ఉంది. జనావాసం లేదు. విశాలమైన గడ్డి మైదానంలో ప్రాకారాలు, కొన్ని చర్చిలు, ఒక మసీదు, ఒక కెథడ్రల్ మాత్రం నిలిచి ఉన్నాయి. పుస్తకాలు దీని పతనానికి ఒక్కొక్కటి ఒక్కో తేదీ చెబుతున్నాయి. కొందరు 1045 అంటారు, ఎక్కువమంది 1064 అంటారు, మరికొందరు 1236 అనీ, 1319 నాటి భూకంపం అనీ అంటారు. ఇన్నిసార్లు పడిపోయిందంటే మధ్యలో అన్నిసార్లు లేచి నిలబడిందన్న మాటే కదా. అలా లేచిన నగరం చివరిసారి మాత్రం ఎందుకు లేవలేకపోయిందన్నది నా ప్రశ్న. తెలిసినవారు ఆధారాలతో చర్చిస్తారని ఆశిస్తున్నాను.

పాతపటాలు:
మంచి ప్రశ్న వేశారు. పతనం గురించి మాట్లాడుకునే ముందు ఆ నగరం అక్కడే ఎందుకు లేచిందో చెప్పుకుంటే తక్కినది అర్థమవుతుంది. అయిదవ శతాబ్దంలో ఆని ఒక చిన్న కోట మాత్రమే, కమ్సరకాన్ అనే సామంత వంశానికి చెందినది. తరువాత అది బగ్రతుని వంశీయుల చేతికి వచ్చింది. తొమ్మిదవ శతాబ్దం చివర ఆర్మేనియాకు మళ్ళీ స్వతంత్ర రాజులైన ఈ వంశీయులు రాజధానిని బగరాన్ నుంచి షిరకవాన్‌కు, అక్కడి నుంచి కార్స్‌కు మారుస్తూ వచ్చారు. చివరికి 961లో మూడవ అషోత్ ఆనిలో పట్టాభిషిక్తుడై దానిని రాజధానిగా చేశాడు.

ఆ స్థలాన్ని పటంలో చూడండి. అది ఒక త్రికోణాకారపు పీఠభూమి. తూర్పున అఖూర్యాన్ నది కోసిన లోతైన లోయ, పడమట మరో వాగు లోయ ఉన్నాయి. ఆ రెండూ దక్షిణాన కలుస్తాయి. కాబట్టి శత్రువు సైన్యంతో సమతలం మీద నడిచి రాగలిగినది ఒక్క ఉత్తర దిక్కు నుంచే. ఆ దిక్కును మూస్తే చాలు. అషోత్ కట్టించిన మొదటి గోడ త్రికోణం ఇరుకైన చోట ఉంది. ఆయన కుమారుడు రెండవ సంబాత్ కాలానికే ఊరు ఆ గోడ దాటి పెరిగిపోవడంతో, 977 నుంచి 989 వరకు సాగిన తన పాలనలో అతడు మరింత ఉత్తరంగా బురుజులతో కూడిన పెద్ద ప్రాకారాన్ని లేపాడు. ఒక తరం గడవకముందే రెండవ గోడ అవసరమైందంటే ఆ నగరం ఎంత వేగంగా పెరిగిందో ఊహించవచ్చు.

బిడారుబాట:
పాతపటాలు గారు చెప్పినది రక్షణ కోణం. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది వర్తకం. నల్లసముద్రపు రేవు త్రెబిజోంద్ నుంచి బయలుదేరిన బిడారులు ద్విన్ మీదుగా పర్షియాకు వెళ్ళాలన్నా, ఉత్తరాన జార్జియాకు వెళ్ళాలన్నా ఆని దారిలో పడుతుంది. అఖూర్యాన్ మీద ఒకే కమానుతో కట్టిన వంతెన ఉండేది. నడిమి కమాను ఏనాడో కూలిపోయినా, రెండు ఒడ్డులలోనూ దాని మొదళ్ళు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. రాజు రాజధానిని తెచ్చాడు కాబట్టి వర్తకులు వచ్చారని అంటారు గాని, ఆని విషయంలో వర్తకుల వల్లనే రాజుకు అన్ని చర్చిలు, అంతటి గోడలు కట్టగల ఆదాయం వచ్చిందని నేను భావిస్తున్నాను. రాజులు పోయిన తరువాత కూడా నగరం ఎందుకు బతికిందో ఈ కోణం నుంచి చూస్తేనే తెలుస్తుంది.

సున్నపుగచ్చు:
నేను వృత్తిరీత్యా కట్టడాల ఇంజనీరును. కాబట్టి కెథడ్రల్ గురించి కొంచెం విస్తారంగా రాస్తాను, మన్నించాలి. సంబాత్ కాలంలో 989లో పని మొదలైంది. అతని తమ్ముడు మొదటి గాగిక్ రాజైన తరువాత, రాణి కత్రానిదె ఆ పనిని పూర్తి చేయించింది. గోడ మీది శాసనాన్ని బట్టి పూర్తయిన సంవత్సరాన్ని కొందరు 1001 అనీ, మరికొందరు 1010 అనీ లెక్కకడతారు. శిల్పి పేరు త్రదాత్. అదే 989లో కాన్‌స్టాంటినోపుల్‌లో భూకంపం వచ్చి హగియా సోఫియా గుమ్మటంలో ఒక భాగం కూలినప్పుడు, దానిని బాగుచేయడానికి నమూనా తయారుచేసి ఇచ్చినవాడు ఇతడేనని సమకాలిక ఆర్మేనియన్ చరిత్రకారుడు స్తెపానోస్ తరోనెత్సి రాశాడు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా గల తూర్పు రోమన్ సామ్రాజ్యం, అంటే బైజాంటియం, తన అతి పవిత్రమైన ఆలయాన్ని చక్కదిద్దే పనిని ఒక చిన్న రాజ్యపు శిల్పి చేతిలో పెట్టిందంటే ఆని పనివారి నైపుణ్యానికి అంతకన్నా పెద్ద గుర్తింపు ఏముంటుంది?

లోపలి స్తంభాలను గమనించండి. ఒక్కొక్క స్తంభం ఒకే ముద్దగా ఉండదు. సన్నని కంబాలు కట్టగా చేరి నేల నుంచి పైదాకా సాగి, మొనదేరిన కమానులలో కలిసిపోతాయి. పశ్చిమ ఐరోపాలో గోతిక్ కట్టడాలు రావడానికి సుమారు నూట యాభై ఏళ్ళ ముందే ఇక్కడ ఇటువంటి రూపం కనిపిస్తుంది. ఒకదాని నుంచి ఒకటి పుట్టిందని నేను అనను, అందుకు ఆధారం లేదు. పోలిక మాత్రం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

గోడ కట్టుబడి కూడా చెప్పుకోదగ్గది. ఆనిలోని గోడలు పూర్తిగా రాతి దిమ్మెలతో కట్టినవి కావు. నల్లని, ఎర్రని, లేత పసుపు రంగులలో దొరికే టఫ్ అనే అగ్నిపర్వత శిలను పలకలుగా చెక్కి, లోపల ఒక వరుస, బయట ఒక వరుస పేర్చి, నడుమ సున్నం కలిపిన రాతి ముక్కలను పోసి దట్టించారు. ఆ నడిమి గచ్చు గట్టిపడ్డాక గోడ మొత్తం ఒకే రాయి అవుతుంది. అందుకే చాలాచోట్ల పైపలకలు ఊడిపోయినా లోపలి గచ్చు అలాగే నిలబడి ఉంది.

కృష్ణాతీరం:
ఒక సందేహం. చాలా చోట్ల ఆని జనాభా లక్ష అనీ, అది వేయిన్నొక్క చర్చిల నగరమనీ రాస్తున్నారు. ఈ లెక్కలు నమ్మదగినవేనా?

పాతపటాలు:
వేయిన్నొక్కటి అన్నది గొప్పకు చెప్పే సంఖ్య, దానిని లెక్కగా తీసుకోనక్కరలేదు. జనాభా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ప్రాకారాల లోపలి స్థలం ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. అందులో రాజభవనాలు, చర్చిలు, అంగళ్ళు పోగా మిగిలిన చోటులో లక్షమంది నివసించడం కష్టం. గోడల బయటి పేటలను, పడమటి లోయ పక్కన కొండలో తొలిచిన ఇళ్ళను కూడా కలిపితే సంఖ్య పెరుగుతుంది. అక్కడ గదులు, ప్రార్థనా మందిరాలు, పావురాల గూళ్ళు వందల కొద్దీ ఉన్నాయి. లక్ష కాకపోయినా, ఆ కాలపు పారిస్, లండన్‌లతో పోల్చినప్పుడు ఆని చిన్నబోయేది కాదని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

శిలాక్షరం:
ధన్యవాదాలు. ఇక మొదటి పతనం దగ్గరకు వద్దాం. 1045లో యుద్ధం లేకుండానే నగరం బైజాంటియం చేతిలోకి వెళ్ళిందని చదివాను. అది ఎలా సాధ్యమైంది?

పాతపటాలు:
ఆ కథ చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మొదటి గాగిక్ మరణించాక అతని కుమారులు హోవ్హన్నేస్-సంబాత్, అషోత్ సింహాసనం కోసం కలహించుకున్నారు. పెద్దవాడికి ఆని, చిన్నవాడికి బయటి ప్రాంతాలు దక్కాయి. చుట్టూ శత్రువులు పొంచి ఉన్న సమయంలో బలహీనుడైన హోవ్హన్నేస్-సంబాత్, తన మరణానంతరం ఆని బైజాంటియానికి చెందుతుందని రెండవ బాసిల్ చక్రవర్తికి మాట ఇచ్చాడు. 1022లో ఆ పత్రాన్ని త్రెబిజోంద్‌లో చక్రవర్తికి అందించినవాడు ఆర్మేనియన్ చర్చి అధిపతి, కథోలికోస్ పెత్రోస్.

1041లో రాజు మరణించాడు. సేనాని వహ్రామ్ పహ్లవుని నాయకత్వంలో ఒక వర్గం బైజాంటియన్ సేనను ప్రాకారాల బయటే ఓడించి, యువకుడైన రెండవ గాగిక్‌ను రాజుగా నిలబెట్టింది. మూడేళ్ళు గడిచాయి. ఆయుధాలతో సాధించలేనిదానిని కాన్‌స్టంటైన్ మోనోమాకోస్ చక్రవర్తి ఆహ్వానంతో సాధించాడు. సంధి మాటల పేరిట గాగిక్‌ను కాన్‌స్టాంటినోపుల్‌కు పిలిపించి, అక్కడ నిర్బంధించి, రాజ్యాన్ని వదులుకునేటట్లు చేశాడు. రాజు తిరిగి రాడని తెలిశాక 1045లో నగర పెద్దలు తలుపులు తెరిచారు. వెస్త్ సర్గిస్ వంటి ప్రభువులు ముందు నుంచే చక్రవర్తి పక్షాన ఉన్నారు.

ఈ ఘట్టంలో రాయి కూడా కదలలేదు, ఒక్క ఇల్లు కూడా తగులబడలేదు. అయినా ఆర్మేనియన్ చరిత్రకారులు దీనినే మహా విపత్తుగా రాశారు. నా అభిప్రాయం కూడా అదే. తన రక్షణ గురించి తానే నిర్ణయించుకునే శక్తిని ఆని ఆ రోజు కోల్పోయింది.

బిడారుబాట:
పాతపటాలు గారితో సగం ఏకీభవిస్తాను. రక్షణ విషయంలో వారు చెప్పినది సరైనదే. బైజాంటియం ఈ తూర్పు సరిహద్దులో స్థానికులు చేసే సైనిక సేవను రద్దు చేసి, దాని బదులు పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళు తిరగకుండానే సెల్జుక్ సుల్తాను అల్ప్ అర్స్లాన్ వచ్చాడు. ఇరవై అయిదు రోజుల ముట్టడి తరువాత 1064 ఆగస్టు 16న నగరం అతని వశమైంది. బైజాంటియం నియమించిన సేనానులు లోపలి కోటలోకి తప్పుకోవడం చూసి ప్రజలు చెదిరిపోయారని ఆర్మేనియన్ చరిత్రకారుడు ఎడెస్సా మత్తయి రాశాడు. వీధులలో శవాల మీద నడవకుండా పోవడానికి దారి లేదన్న ప్రత్యక్ష సాక్షి మాటను అరబ్బీ చరిత్రకారుడు సిబ్త్ ఇబ్న్ అల్ జౌజీ నమోదు చేశాడు. కెథడ్రల్‌ను మసీదుగా మార్చారు.

అంతటి ఊచకోత తరువాత కూడా నగరం ముగియలేదు. 1072 ప్రాంతంలో ఆని షద్దాదీలనే కుర్దు వంశం చేతికి వచ్చింది. మొదటి పాలకుడు మనూచిహ్ర్ గోడలను బాగుచేయించి, లోయ అంచున ఎనిమిది పలకల మినార్ గల మసీదును కట్టించాడు. ఆ మసీదు కిటికీలోంచి చూస్తే కింద నదీ, వంతెన మొదళ్ళూ కనిపిస్తాయి. అదే టఫ్ రాయి, అదే రంగుల అమరిక. పాలకుడి మతం మారినా రాళ్ళు చెక్కిన చేతులు ఆ ఊరివే. ఆ తరువాతి నూరేళ్ళలో నగరం షద్దాదీలకూ జార్జియా రాజులకూ మధ్య పలుమార్లు చేతులు మారింది. 1124లో జార్జియా రాజు దావీద్‌ను పిలిచినది ఆని పౌరులేనంటే, రాజు లేకపోయినా ఊరికి పెద్దలూ, ఒక మాటా ఉన్నాయన్నమాట.

కృష్ణాతీరం:
అయితే ఆని మహోన్నత దశ గాగిక్ కాలమా, లేక ఆ తరువాతదా?

బిడారుబాట:
రాజ్యంగా చూస్తే గాగిక్ కాలమే. నగరంగా చూస్తే పదమూడవ శతాబ్దపు తొలి దశాబ్దాలకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. 1199లో జార్జియా రాణి తమర్ సేనానులైన జకరే, ఇవానే సోదరులు ఆనిని గెలిచారు. వారి వంశం కింద వర్తకులు ప్రభువులకు దీటుగా ఎదిగారు.

అందుకు నిలువెత్తు సాక్ష్యం తిగ్రాన్ హోనెంత్స్ అనే వర్తకుడు 1215లో కట్టించిన సెయింట్ గ్రెగరీ చర్చి. నది వైపు దిగే వాలులో ఉంటుంది. బయటి గోడల మీద జంతువుల, పక్షుల చెక్కడాలు, లోపల నేల నుంచి గుమ్మటం దాకా చిత్రాలు ఉన్నాయి. గోడ మీద అతడు చెక్కించిన పొడవైన శాసనం చదువుతుంటే అతడు మన ఎదుట నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. లోయ అంచున ముళ్ళపొదలతో నిండిన చోటును తన న్యాయార్జితమైన సొమ్ముతో యజమానుల దగ్గర కొని, చదును చేసి ఈ మఠాన్ని కట్టించానని చెప్పుకుంటాడు. తరువాత దానికి రాసిచ్చిన ఆస్తుల జాబితా వస్తుంది. గ్రామాలలో వాటాలు, మరలు, అంగళ్ళు, తోటలు అన్నీ ఉన్నాయి. రాజు బిరుదులతో నిండిన శాసనం కన్నా ఈ వర్తకుడి లెక్కల శాసనం ఆని ఏమిటో నాకు బాగా చెబుతుంది.

శిలాక్షరం:
ఇక్కడే నా ప్రశ్న మళ్ళీ వస్తుంది. 1064 తరువాత లేచిన నగరం 1236లో మంగోలుల దాడి తరువాత అలా ఎందుకు లేవలేదు? అప్పటి వృత్తాంతాన్ని ఆర్మేనియన్ చరిత్రకారుడు కిరాకోస్ గాంజకెత్సి రాశాడు. లొంగిపొమ్మని వచ్చిన మంగోలు రాయబారులకు నగర పెద్దలు, తమ ప్రభువు షాహన్‌షాను అడిగి చెబుతామన్నారు. ఈలోగా ఆగ్రహించిన జనం ఆ రాయబారులను చంపివేశారు. తరువాత జరిగినది ఊహించవచ్చు. అభయమిచ్చి బయటకు రప్పించిన ప్రజలను మంగోలులు సంహరించారు. కొందరు స్త్రీలను, పిల్లలను, చేతివృత్తులవారిని మాత్రం బందీలుగా తీసుకుపోయారు. పనివారిని తీసుకుపోవడం అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

బిడారుబాట:
సరిగ్గా పట్టుకున్నారు. అయితే అదొక్కటే కారణమని నేను అనుకోను, ఎందుకంటే ఆ తరువాత కూడా ఆనిలో చర్చిలకు దానాలు జరిగాయి, కట్టడాలకు మరమ్మతులు జరిగాయి. అసలు సమాధానం మనూచిహ్ర్ మసీదు గోడ మీద ఉంది. అక్కడ పర్షియాను ఏలిన మంగోలు రాజు (ఇల్ఖాను) అబూ సయీద్ కాలపు పారసీక శాసనం ఒకటి ఉండేది. 1911లో రష్యన్ పండితుడు బార్తోల్డ్ దానిని ప్రకటించాడు. అబూ సయీద్ పాలన 1316 నుంచి 1335 వరకు సాగింది. రకరకాల పేర్లతో అక్రమంగా పన్నులు పిండడం వల్ల ఈ చోటు పాడుబడిపోతోందనీ, సామాన్యులు చెదిరిపోయారనీ, పెద్దలు సైతం తమ ఆస్తులను, కుటుంబాలను వదిలి వెళ్ళిపోయారనీ, ఇకపై న్యాయమైన సుంకాలు తప్ప మరేదీ వసూలు చేయరాదనీ దాని సారాంశం.

దీనిని మరొక శాసనం పక్కన పెట్టి చూడండి. 1050లలో బైజాంటియన్ అధికారి ఆరోన్, తాను ప్రాకారాలను బలపరచి, కోటకు నీరు తెప్పించి, నగరానికి పన్నుల మినహాయింపు తెచ్చానని కెథడ్రల్ గోడ మీద చెక్కించాడు. కెథడ్రల్ మీద ఒకటి, మసీదు మీద ఒకటి, మధ్య రెండున్నర శతాబ్దాల దూరం. రెండూ పన్నుల గురించే. మొదటిది చెక్కినప్పుడు మినహాయింపు ఇస్తే ఉండిపోయే జనం ఉన్నారు. రెండవది చెక్కేనాటికి జనం వెళ్ళిపోతున్నారు. కత్తికి భయపడి కొండల్లోకి పారిపోయినవాడు అలజడి తగ్గాక తన అంగడికి తిరిగి వస్తాడు. పన్ను కట్టలేక అంగడి అమ్ముకొని పోయినవాడు తిరిగి రాడు.

దీనికి తోడు దారులు కూడా మారాయి. మంగోలుల కాలంలో వర్తకానికి తబ్రీజ్ కేంద్రమైంది. తబ్రీజ్ నుంచి త్రెబిజోంద్‌కు పోయే బిడారులు ఎర్జురుం మీదుగా వెళ్ళసాగాయి. ఆని దారికి దూరమైంది. క్రిమియాలోనూ, ల్వివ్‌లోనూ స్థిరపడిన ఆర్మేనియన్లు తమ పూర్వీకులు ఆని వారని తరతరాలుగా చెప్పుకున్నారు.

సున్నపుగచ్చు:
బిడారుబాట గారి వాదన బలమైనదే గాని, 1319 భూకంపాన్ని అంత తేలికగా పక్కన పెట్టడానికి నేను ఒప్పుకోను. కెథడ్రల్ గుమ్మటం కూలినది ఆ భూకంపంలోనే. గుమ్మటం, కప్పులు, వంతెనలు, నీటి కాలువలు ఒకేసారి దెబ్బతిన్నప్పుడు వాటిని మళ్ళీ నిలబెట్టడానికి డబ్బుతో పాటు తరాల అనుభవం గల మేస్త్రీలు కావాలి.

బిడారుబాట:
మీరు చెప్పినదే నా వాదనకు ఆధారం. 989లో హగియా సోఫియాకు మేస్త్రీని పంపిన నగరం, 1319 తరువాత తన గుమ్మటాన్ని తాను లేపుకోలేకపోయింది. భూకంపాలు ఆ నేలకు కొత్త కాదు. ఈసారి కొరవడినది మనుషులు.

సున్నపుగచ్చు:
మనుషులు తక్కువై ఉండవచ్చు, కాని ఉన్న కొద్దిమందికి కూడా ఆశ పోగొట్టినది ఆ భూకంపమేనని నేను ఇప్పటికీ అంటాను. రెండు కారణాలనూ విడదీయడం కష్టం.

యెరెవాన్‌నుంచి:
నేను యెరెవాన్‌లో వైద్యవిద్య చదువుతున్నాను. ఇక్కడి విషయాలు కొన్ని చెబుతాను. ఆర్మేనియా చరిత్ర మ్యూజియంలో ఆని నుంచి వచ్చిన వస్తువులు ఉన్నాయి. రష్యన్ పండితుడు నికొలాయ్ మార్ 1892-93లోనూ, తిరిగి 1904 నుంచి 1917 వరకూ అక్కడ తవ్వకాలు జరిపాడు. తోరోస్ తోరమాన్యాన్ అనే వాస్తుశిల్పి కట్టడాల కొలతలు తీశాడు. గాగిక్ కట్టించి ఏనాడో కూలిపోయిన గుండ్రని చర్చి పునాదులు, చేతులలో ఆ చర్చి నమూనాను పట్టుకొని నిలబడిన గాగిక్ రాతి విగ్రహం ఆ తవ్వకాలలోనే బయటపడ్డాయి. విగ్రహం తలపాగాతో, రెండు మీటర్లకు పైగా ఎత్తుతో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధపు అలజడిలో అది మాయమైంది. మనకు ముఖ్యంగా మిగిలినవి దాని ఛాయాచిత్రాలు. 1918లో ఒట్టోమన్ సేనలు సమీపిస్తుండగా పురావస్తు శాస్త్రవేత్త అష్ఖర్‌బెక్ కలంతార్ సుమారు ఆరు వేల వస్తువులను తరలించబట్టే ఈ మ్యూజియంలో ఆ మాత్రమైనా చూడగలుగుతున్నాము.

1921 నాటి కార్స్ ఒప్పందంతో అఖూర్యాన్ నది సరిహద్దుగా ఖాయమైంది. ఆని అవతలి ఒడ్డున ఉండిపోయింది. ఇవతలి వైపు హైకద్జోర్, ఖార్కోవ్ గ్రామాల దగ్గర నిలబడితే కెథడ్రల్ గోడలు స్పష్టంగా కనిపిస్తాయి. కాని 1993 నుంచి సరిహద్దు మూసి ఉండడం వల్ల, ఎదురుగా కనిపిస్తున్న ఆ చోటికి రోడ్డు దారిన చేరాలంటే జార్జియా మీదుగా చుట్టూ తిరిగి కార్స్ చేరుకొని అక్కడి నుంచి రావలసిందే. ఈ ఒడ్డున నిలబడి చూసే వృద్ధుల ముఖాలను చూశాక, పతనం ఏ ఏడాది జరిగిందన్న చర్చలో వారి బాధకు కూడా చోటు ఉండాలని నాకు అనిపించింది.

కృష్ణాతీరం:
చివరిగా ఒక్క ప్రశ్న. ఊరు పూర్తిగా ఖాళీ అయినది ఎప్పుడు? ఇప్పుడు మిగిలినవాటిని ఎవరైనా కాపాడుతున్నారా?

పాతపటాలు:
నగరం కుంచించుకుపోయి చిన్న ఊరుగా చాలాకాలం ఉంది. పదహారవ శతాబ్దంలో ఒట్టోమన్ల పాలన కిందికి వచ్చింది. చివరి సన్యాసులు 1735లో మఠాన్ని విడిచిపెట్టారని చెబుతారు. 1921లో ఆని కట్టడాలను నేలమట్టం చేయమని తనకు అంకారా నుంచి ఆదేశం వచ్చిందనీ, దానిని తాను అమలు చేయలేదనీ తుర్కియే సేనాని కాజిమ్ కరాబెకిర్ తన జ్ఞాపకాలలో రాశాడు. సోవియట్ కాలంలో అది సైనిక నిషిద్ధ ప్రాంతం. 2004 దాకా అనుమతి పత్రం లేకుండా ఎవరూ వెళ్ళే వీలు లేకపోయింది. 2016లో యునెస్కో ఆనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సున్నపుగచ్చు:
కాపాడవలసిన పని ఇంకా చాలా ఉంది. 1988లో ఆర్మేనియాను కుదిపేసిన భూకంపంలో కెథడ్రల్ వాయవ్య మూల కూలింది. అంతకుముందు 1957లో ఒక తుఫాను రాత్రి, 1035 ప్రాంతంలో కట్టిన రక్షకుని చర్చి తూర్పు సగం పడిపోయింది. మిగిలిన సగాన్ని ఇప్పుడు ఇనుప ఆధారాలతో నిలబెట్టారు. కెథడ్రల్ పరిరక్షణకు తుర్కియే సాంస్కృతిక శాఖ, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ కలిసి 2011లో పథకం ప్రకటించాయి. నా వృత్తి దృష్టితో చెప్పాలంటే, అక్కడ కొత్త రాళ్ళు పెట్టి కొత్త గోడలు కట్టడం కన్నా గచ్చులోకి నీరు దిగకుండా చూడడం ముందు జరగాలి. పైపలకలు ఊడిన చోట వాన నీరు లోపలికి ఇంకి, చలికాలంలో గడ్డకట్టి వ్యాకోచించి గోడను లోపలి నుంచి చీలుస్తుంది. కార్స్ ప్రాంతంలో చలి ఎంత తీవ్రంగా ఉంటుందో తెలిసినదే.